ఆఖరి ఐదు డాలర్లు

"ఆర్డిస్, మీ అన్నయ్యని అడుగు. ఇవాళ మీటింగుకి తెల్లచొక్కా వేసుకుంటాడా, నీలందా?" అంది వదిన, ఇస్త్రీపెట్టె పట్టుకుని.

అన్నయ్య ఆమె పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో కూర్చుని రొట్టెకి వెన్న రాసుకుంటున్నాడు.

"అన్నయ్యా, వదిన అడుగుతోంది, తెల్లదా నీలందా అని."

"ఏదైనా ఒకటేనని చెప్పు. వెనక వరసలో కూర్చునేవాడి చొక్కా ఎవడు చూస్తాడు?"

"వదినా, ఏదైనా ఒకటేనట."

"నాకు చెవులున్నాయి," అంది వదిన.

"మరి మధ్యలో నన్నెందుకు తపాలా బంట్రోతుని చేశారు?" అన్నాను. ఇద్దరూ నవ్వలేదు.

శుక్రవారం సాయంత్రం నుంచీ మా ఇంట్లో ఇదే వరస. మా ఊరు నార్బీలో శుక్రవారం నాడు చేపల వేపుడు తినని ఇల్లుండదు. మేం ముగ్గురం కూడా ఎప్పటిలాగే సరస్సు ఒడ్డు హోటల్లో మా బల్ల దగ్గర కూర్చున్నాం. మార్లిస్ అటుగా వచ్చింది. మార్లిస్ అంటే మా కాగితం మిల్లువాళ్ళం పెట్టుకున్న పొదుపు సంఘానికి, అదే క్రెడిట్ యూనియన్‌కి, మేనేజరు. అన్నయ్య భుజం మీద చెయ్యి వేసి, "మీరే మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోతే ఎలా ఓర్లిన్ గారూ? వారం రోజులు సెలవు మీద వెళ్ళొచ్చేసరికి మీ ఖాతా మూసేసి ఉంది. మనసుకి చాలా కష్టమనిపించింది," అంది.

అన్నయ్య చేతిలో ఫోర్కు అలాగే ఆగిపోయింది. వదిన ముఖం నాప్కిన్ కన్నా తెల్లగా పాలిపోయింది. మిగతాది మీరు ఊహించుకోగలరు. మేం ఆ రోజు నిమ్మకాయ పిండిన చేపల్ని అలాగే వదిలేసి లేచాం. మా వంశంలో డబ్బు పెట్టి కొన్న తిండి వదిలేసి లేవడం అదే మొదటిసారి.

వదిన చేసిన పని నేరమేమీ కాదు. ఇంట్లో ఉన్న పొదుపంతా యూనియన్‌లోంచి తీసి, జిల్లా కేంద్రంలో ఒక బ్యాంకులో మనీ మార్కెట్ ఖాతాలో వేసింది. అక్కడ వడ్డీ ఎక్కువ. కాకపోతే ఇరవై ఐదు వేల డాలర్లు నిండా ఉంటేనే ఆ వడ్డీ. తగ్గితే ఏమీ లేనట్టే. మూడేళ్ళుగా తను కుట్టిన అతుకుల దుప్పట్ల డబ్బు కలుపుకుంటూ, ఆ అంకె ఎప్పుడు నిండుతుందా అని కాచుకుని కూర్చుంది. నిండింది. కానీ ఆ నిండినదాంట్లో, ఖాతా అడుగున ఉన్న ఐదు డాలర్ల వాటా కూడా ఉంది.

ఆ ఐదు డాలర్లే మా కొంప ముంచాయి. యూనియన్‌లో చేరిన ప్రతివాళ్ళూ ఐదు డాలర్లు పెట్టి ఒక వాటా కొంటారు. అది ఖాతాలో ఉన్నంతకాలం ఆ మనిషి సభ్యుడు. ఓటుంటుంది, కమిటీకి నిలబడొచ్చు. అది తీసేసిన రోజున బయటివాడు. నార్బీలో పెళ్ళి ఉంగరం అమ్ముకున్నవాళ్ళున్నారు గానీ, ఆ వాటా తీసేసినవాళ్ళు లేరు. ఖాతా అన్నయ్య పేరున ఉంది, వదినది రెండో సంతకం. కౌంటర్లో కొత్తగా చేరిన పిల్ల "మొత్తమాండీ?" అని అడిగితే వదిన "మొత్తం" అంది. అంతే. యూనియన్‌కి ముప్పై ఏళ్ళుగా అధ్యక్షుడైన మా అన్నయ్య, అందులో సభ్యుడు కూడా కాకుండా పోయాడు.

నేను అప్పుడు బయట కారులో, చలికి ఇంజను ఆపకుండా కూర్చుని ఉన్నాను. లోపలే ఉంటే ఆ ఐదు డాలర్లు నేనే ఇచ్చేదాన్ని.

"నీ పర్సులో లేవా ఐదు డాలర్లు?" అని నిన్న అడిగాను వదినని.

"ఉన్నాయి. అది కిరాణా పర్సు," అంది.

వదిన దగ్గర ఎర్ర గుండీ ఉన్న ఒక పర్సుంది. అందులో డబ్బు కిరాణాకి తప్ప దేనికీ తియ్యదు. ఇల్లు తగలబడుతున్నా అందులోంచి తీసి ఫైరింజను వాళ్ళకి ఇవ్వదు. మా వైపు ఆడవాళ్ళకి ఇలాంటి చాదస్తాలు పుట్టుకతో వస్తాయి, నవ్వుకోకండి.

ఇవాళ మధ్యాహ్నం చర్చి కింది హాల్లో సర్వసభ్య సమావేశం. అన్నయ్య ఎప్పుడూ వేదిక మీద మధ్య కుర్చీలో కూర్చునే రోజు. మిల్లు మూతపడ్డాక కొత్తగా చేరాలంటే, సభ్యుల కుటుంబంలోవాళ్ళకి మాత్రమే వీలుంది. అదృష్టం కొద్దీ మా ఇంట్లో ఇంకో సభ్యురాలుంది. నేనే. ఫినిషింగు గదిలో కాగితం రీములు కట్టిన రోజుల్లో కొన్న నా వాటా చెక్కుచెదరకుండా ఉంది. "చెల్లీ, ఒక సంతకం పెట్టవే," అంటే చాలు. అనడు. నేనే అడిగితే, "ఇన్నాళ్ళు తలుపు తీసి అందరినీ లోపలికి రమ్మన్నవాణ్ణి, ఇప్పుడు చెల్లెలి వెనకాల నక్కి రానా?" అన్నాడు.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. మా ఇంట్లో నేను అర్ధం కూడా కాదు, పావలా మొగుణ్ణి. అయినా వదిన మీద ఈగ వాలితే ఊరుకోను. నా కాపురం చెడిపోయి రెండు పెట్టెలతో వీళ్ళ గుమ్మంలో నిలబడ్డ రోజున, ఎన్నాళ్ళుంటావని ఆవిడ అడగలేదు. "తూర్పు గదిలో ఎండ బాగా పడుతుంది, అది తీసుకో," అంది. ఇవాళ్టికీ పొద్దున్నే ఆ ఎండ ముఖాన పడ్డప్పుడల్లా మనసులో ఆవిడకి దండం పెట్టుకుంటాను.

"ఎంత ఇస్తానన్నాడు నీ బ్యాంకువాడు?"

అన్నయ్య ఉన్నట్టుండి అడిగాడు. శుక్రవారం తర్వాత ఆమెతో తిన్నగా అన్న మొదటి మాట అది. నేను కాఫీ కప్పు చప్పుడు చెయ్యకుండా కింద పెట్టాను.

"నాలుగు శాతం."

"ఎన్నాళ్ళు?"

"ఏడాది మారదు. తర్వాత మార్కెట్టుని బట్టి."

"ఇరవై ఐదు వేలకి ఒక్క డాలరు తగ్గితే?"

"పావు శాతానికి పడిపోతుంది. తెలుసు."

"నెలలో ఎక్కువసార్లు తీస్తే?"

"జరిమానా. అదీ తెలుసు. చదవకుండా సంతకం పెట్టే మనిషిని కాను నేను."

"అవును. మొన్న యూనియన్‌లో మాత్రం చదవకుండానే పెట్టావు."

వదిన ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. తెల్లచొక్కా కాలర్ దగ్గర సన్నగా పొగ లేచింది.

"ఆరు చోట్ల కనుక్కున్నాను ఓర్లిన్. ఆరు చోట్ల. ఇంటర్నెట్ బ్యాంకు ఇంకాస్త ఎక్కువిస్తానంది, కానీ మనిషి పలికేదాకా ఫోన్లో అరగంట పాటలు వినిపించారు. ముఖం లేనివాడికి నా డబ్బివ్వను. పోస్టాఫీసు పక్క బ్యాంకువాడు గోడ క్యాలెండరు ఇచ్చాడు, వడ్డీ మాత్రం ఇవ్వలేదు. టీచర్ల యూనియన్‌లో మంచి వడ్డీ ఉంది, మనల్ని చేర్చుకోరు. మీ యూనియన్‌లో మామూలు పొదుపుకి పావు, మనీ మార్కెట్‌కి ఒకటిన్నర. ఎందుకింత తక్కువని మూడేళ్ళుగా అడుగుతున్నాను నిన్ను. 'చూద్దాంలే' అంటావు."

"చూడకపోవడమేంటి? మనకి ఎక్కువిస్తే ఆ ఎక్కువ ఎక్కణ్ణుంచి రావాలి? అప్పు తీసుకునేవాళ్ళ దగ్గర గుంజాలి. మా మిల్లు గోర్డీ మనవరాలికి కారు కొనుక్కోడానికి అంత తక్కువ వడ్డీకి అప్పెలా పుట్టిందనుకున్నావు? నీ పావు శాతంలోంచే."

"మంచిది. గోర్డీ మనవరాలు కారులో తిరుగుతోంది. మన సంగతో?"

"మనకేం తక్కువైంది?"

వదిన నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. ఆ మూసుకున్న నోట్లో ఏముందో నాకు తెలుసు. చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది.

"సమ్మె చేసిన చలికాలం మర్చిపోయావా వెర్నా?" అన్నాడు అన్నయ్య. "ఏ బ్యాంకూ మన ముఖం చూడలేదు. యూనియన్‌లో ముసలి ఫ్రిట్యోఫ్ ఒక్క సంతకం తీసుకుని, ముందు పాపకి పాలు కొనుక్కెళ్ళు, మిగతా సంగతి తర్వాత అన్నాడు. నాకే కాదు, సమ్మెలో ఉన్న ప్రతివాడికీ ఇచ్చాడు. వాళ్ళు అలా ఇచ్చారు కాబట్టే ఈ ఇల్లు నిలబడింది."

"మర్చిపోలేదు. ఆ పాలు పట్టింది నేనే."

"మరి ఇదేనా విశ్వాసం? పక్కవాడు రెండు రాళ్ళు ఎక్కువిస్తానంటే ఊడ్చిపెట్టుకుని పోవడమేనా?"

"నాది ఆశ అంటున్నావా?"

"ఇంకేమనాలి?"

వదిన ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకింది. కాలిన చొక్కా మడతపెట్టి అన్నయ్య ముందు బల్ల మీద పెట్టింది.

"ఆశే అనుకో," అంది.

బయట పక్కింటి వాళ్ళ కారు హారన్ మోగింది. వదిన వంట కమిటీలో ఉంది, ముందే వెళ్ళాలి. బంగాళాదుంపల పళ్ళెం తువ్వాల్లో చుట్టుకుని, కోటు బొత్తాలైనా పెట్టుకోకుండా వెళ్ళిపోయింది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకున్నారు ఇద్దరూ.

గొడ్డలంటే జ్ఞాపకం వచ్చింది. అన్నయ్య తాళాల గుత్తి తీసుకుని తిన్నగా కట్టెల షెడ్డుకి నడిచాడు. కోపం వచ్చినా కట్టెలు కొడతాడు, సంతోషం వచ్చినా కట్టెలే కొడతాడు. కిటికీలోంచి చూశాను. మూడు దెబ్బలు వేసి ఆగి కుడి భుజం పట్టుకున్నాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని ఇంటివైపు తిరిగాడు. నేను పరదా వెనక్కి తప్పుకున్నాను. కిందటేడు చలికాలంలో చేతులనిండా కట్టెలతో మంచు మీద జారిపడి వారం రోజులు కుంటాడు. అయినా ఇల్లు వెచ్చబెట్టే గ్యాసు పొయ్యి వెలిగించనివ్వడు. కట్టెలుండగా గ్యాసెందుకంటాడు.

చర్చికి వెళ్ళేటప్పుడు అన్నయ్య పికప్ ట్రక్కులో మేమిద్దరమే ఉన్నాం. నీలం చొక్కా వేసుకున్నాడు. సగం దారి వచ్చేసరికి ఇక నా వల్ల కాలేదు.

"అన్నయ్యా, నాలుగు శాతానికీ పావు శాతానికీ ఏడాదికి తేడా ఎంతొస్తుంది?"

"తొమ్మిది వందల చిల్లర," అన్నాడు వెంటనే. లెక్కల్లో ఘనుడు.

"మన ఇంటికి చలికాలమంతా గ్యాసు పోయించుకుంటే ఎంతవుతుంది?"

"అదీ అంతే అవుతుంది. కట్టెలుండగా గ్యాసెం..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు.

"ఇంకెవరు? చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. నీతో అంటే నా గదికి అద్దె వసూలు చేస్తానంది. నీ పని అయిపోయింది, ముసలాడివయ్యావు, ఆ గొడ్డలి దించు అని నీ ముఖాన అనలేక, ఆశపోతు అని నీ చేత అనిపించుకుంది. సంతోషమా?"

అన్నయ్య హీటరు మీట ఇంకాస్త తిప్పాడు.

"ఇంకా ఏమందో చెప్పనా? 'పెళ్ళయిన దగ్గర్నుంచి నేను చల్లటి వంటింట్లోకి ఒక్కరోజు కూడా నిద్ర లేచి అడుగుపెట్టలేదు ఆర్డిస్. నాకంటే ముందు లేచి పొయ్యి రాజేసేవాడు. జ్వరం వచ్చినా మానలేదు. ఇన్నాళ్ళు నన్ను వెచ్చగా ఉంచాడు, ఇక నా వంతు' అంది."

అన్నయ్య రోడ్డు వైపే చూస్తూ నడుపుతున్నాడు. చర్చి వచ్చింది. వెళ్ళిపోయింది.

"అన్నయ్యా, చర్చి వెనకపడింది."

"ఊఁ," అన్నాడు. చాలా దూరం వెళ్ళాక ట్రక్కు తిప్పాడు. ముక్కు తుడుచుకుని, చలి అన్నాడు. ట్రక్కులో హీటరు గట్టిగానే తిరుగుతోంది.

హాలు మెట్లు దిగుతుంటేనే ఉడికించిన హ్యామ్ వాసన, కాఫీ వాసన కలిసి ముఖాన కొట్టాయి. గుమ్మం దగ్గర బల్ల వేసుకుని మార్లిస్ కార్డులు ఇస్తోంది. సభ్యులకి ఆకుపచ్చవి, అవి ఎత్తితేనే ఓటు. వెంట వచ్చినవాళ్ళకి తెల్లవి; భోజనానికి మాత్రమే. అన్నయ్యని చూడగానే ఆవిడ చెయ్యి ఆకుపచ్చ దొంతర మీదకి పోయి, మళ్ళీ ఆగిపోయింది.

"తెల్లది ఇవ్వమ్మా," అన్నాడు అన్నయ్య.

వేదిక మీద నుంచి గోర్డీ పెల్కీ కేక వేశాడు. ఉపాధ్యక్షుడు, మిల్లులో అన్నయ్యతో ఒకే షిఫ్టు చేసినవాడు. "ఒరేయ్ ఓర్లిన్! వచ్చి నీ కుర్చీలో కూర్చో. ఎవడు కాదంటాడో నేనూ చూస్తాను."

"ఆ రూలు రాసిందే నేనురా గోర్డీ. నేనే కాదంటాను," అన్నాడు అన్నయ్య. వెనక వరసలో, కోట్లు తగిలించే కొయ్యల పక్కన కూర్చున్నాడు. హాల్లో గోల తగ్గిపోయింది. మా ఊళ్ళో మనుషులకి జాలి కలిగితే కాఫీ కప్పుల్లోకి చూస్తారు. అందరూ అలాగే చూస్తున్నారు.

వంటగది తలుపు తోసుకుని వదిన గరిటెతో వచ్చింది. ఖాళీగా ఉన్న మధ్య కుర్చీని చూసింది. వెనక వరసలో తెల్లకార్డు పట్టుకున్న మొగుణ్ణి చూసింది. గరిటె పక్కనున్నావిడ చేతిలో పెట్టి, ఏప్రన్ విప్పి, తిన్నగా మార్లిస్ బల్ల దగ్గరికి వచ్చింది. సంచీలోంచి ఎర్ర గుండీ పర్సు తీసింది.

ఆ పర్సు కిరాణాకొట్టు దాటి బయట తెరుచుకోవడం నేనెరగను.

మడతపెట్టిన ఐదు డాలర్ల నోటు బల్ల మీద పెట్టి, అరచేత్తో సాపుచేసింది. "ఈయన్ని మళ్ళీ చేర్చుకో మార్లిస్. తప్పు నాది. ఈయన తీయలేదు, తీయమనలేదు."

"చేర్చుకుంటాను. సభ్యత్వం ఉన్న బంధువు సంతకం కావాలండీ," అంది మార్లిస్. నేను అప్పటికే పెన్ను తీశాను.

"ఆగు."

అన్నయ్య లేచి వచ్చాడు. నోటు మీద తన చెయ్యి పెట్టాడు. ఇంతమందిలో ఆమె డబ్బు తోసేస్తే, వదిన ఇక ఈ జన్మకి మాట్లాడదు.

"ఇది ఆవిడ పేరున రాయి," అన్నాడు మార్లిస్‌తో.

"ఎవరి పేరున?" అంది వదిన.

"నీ పేరునే. ఇన్నేళ్ళూ నా ఖాతాలో రెండో సంతకంగా ఉన్నావు. సొంత వాటా లేదు, ఓటు లేదు. ఊరందరినీ పిలిచి చేర్చుకున్నాను, ఇంట్లో మనిషిని అడగాలని తోచలేదు నాకు. కిరాణా పర్సు డబ్బు కదా, నీ పేరునే ఉండాలి."

వదిన అన్నయ్య కళ్ళలోకి చూసింది. తర్వాత తల తిప్పి నా వైపు చూసింది. నేను పైకప్పు చూడటం మొదలుపెట్టాను.

దరఖాస్తులో నేను సంతకం పెట్టాను. బంధుత్వం అన్నచోట 'వదిన' అని రాశాను. ఆ తర్వాత అన్నయ్య జేబులోంచి ఇంకో ఐదు తీసి, ఇంకో కాగితం వదిన ముందుకి జరిపాడు. "ఇప్పుడు నువ్వు సభ్యురాలివి. నన్ను చేర్పించు."

వదిన పెన్ను అందుకుంది.

"చదివి పెట్టు సంతకం," అన్నాడు అన్నయ్య.

"చదవడానికేముంది? ఈ మనిషి సంగతి నాకు కంఠతా వచ్చు," అని బంధుత్వం దగ్గర 'భర్త' అని రాసి సంతకం గీకి పారేసింది. ముందు మార్లిస్ నవ్వింది, ఆ తర్వాత బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు. ఆకుపచ్చ కార్డులు రెండు చేతులు మారాయి. ఇద్దరూ వెనక వరసలోనే పక్కపక్కన కూర్చున్నారు. మధ్యలో నేను లేను, దేవుడి దయ.

భోజనాలయ్యాయి. మార్లిస్ ఏడాది లెక్కలు చదివింది. తర్వాత గోర్డీ గొంతు సవరించుకున్నాడు. "కమిటీలో ఒక స్థానం ఖాళీ. ఓర్లిన్ పేరు ముందే పంపాం గానీ, పంపిన రోజున వాడు సభ్యుడు కాదు కాబట్టి చెల్లదంటున్నారు. హాల్లోంచి పేర్లు చెప్పొచ్చు."

"ఓర్లిన్!" అని నలుగురు ఒక్కసారి అరిచారు.

అన్నయ్య లేచాడు. కార్డు ఎత్తాడు.

"నన్ను వద్దు. సమ్మె రోజుల్లో నాకు ఇక్కడ పాలడబ్బు దొరికింది. ఇన్నాళ్ళు ఆ కుర్చీలో కూర్చోనిచ్చారు. మీ మేలు మర్చిపోను. నేను వేరే పేరు చెబుతాను." పక్కనున్న వదిన వైపు చూశాడు. "మా ఆవిడ మూడేళ్ళుగా ఒక ప్రశ్న అడుగుతోంది, ఇక్కడ పొదుపుకి వడ్డీ ఎందుకింత తక్కువని. ఇదే ప్రశ్న కమిటీలో మగాడెవడైనా అడిగుంటే లెక్కలన్నీ తిరగేసేవాణ్ణి. ఇంట్లో అడిగింది కాబట్టి చూద్దాంలే అన్నాను. ఈ చుట్టుపక్కల ఏ బ్యాంకు ఎంతిస్తుందో, దేనికి ఎంత కోస్తుందో ఆవిడకి నోటికొచ్చు. వెర్నా పేరు చెబుతున్నాను."

నేను నా కార్డు ఎత్తి బలపరిచాను. భుజం నొప్పి పుట్టేంత పైకి ఎత్తాను.

ముందు వరసలోంచి ముసలి హెర్మీనా అంది: "బాగానే ఉంది గానీ, వీళ్ళ డబ్బంతా వేరే బ్యాంకులో ఉందిగా!"

హాలంతా గొల్లుమంది. వదిన లేచి నిలబడింది. బుగ్గలు ఎర్రబడ్డాయి.

"ఉంది. ఏడాది నిండేదాకా అక్కడే ఉంటుంది. తర్వాత ఇక్కడ కాస్త మెరుగ్గా ఇస్తే మొట్టమొదట తిరిగొచ్చేది ఆ డబ్బే. పిల్లల అప్పులకి వడ్డీ పెంచకుండా ఎలా ఇవ్వొచ్చో కూర్చుని లెక్క చూద్దాం. చూసినా కుదరకపోతే కుదరలేదని చెప్పండి, ఒప్పుకుంటాను. చూడకుండా చెప్తే మాత్రం ఒప్పుకోను."

ఒకరిద్దరు చప్పట్లు మొదలుపెట్టారు. తర్వాత అందరూ కొట్టారు.

"అంటే నిలబడుతున్నట్టేనా వెర్నా?" అన్నాడు గోర్డీ.

"ఒక్క షరతు," అంది వదిన.

ఆవిడ వేదిక వైపు కాదు, పక్కనున్న అన్నయ్య వైపు తిరిగింది. "నీకు అంతా తెలిసిపోయిందని నాకు తెలుసు ఓర్లిన్. నీకు చెప్పినవాళ్ళ అద్దె సంగతి ఇంటికెళ్ళాక చూసుకుంటాను." నేను కాఫీ కప్పులోకి చూశాను. "ఆ షెడ్డు తాళంచెవి ఇప్పుడే, ఇక్కడే నా చేతిలో పెట్టు."

హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. ఏ షెడ్డు, ఏ తాళంచెవి అని ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మా ముగ్గురికే తెలుసు.

"వెర్నా," అన్నాడు అన్నయ్య మెల్లిగా. "ఈ ఒక్క చలికాలం..."

"ఈ చలికాలంతో సహా."

అన్నయ్య జేబులోంచి గుత్తి తీశాడు. షెడ్డు తాళంచెవి పాతది, పెళ్ళయిన కొత్తలోది. దాన్ని రింగులోంచి తిప్పి తియ్యబోయాడు. వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి, రింగు బిగుసుకుపోయి ఉంది. తలొంచుకుని తిప్పుతూనే ఉన్నాడు. అది సగం దాకా వచ్చి ఆగింది. సాయం చేద్దామని ఒక అడుగు వేసి, నేనే వెనక్కి తగ్గాను.

"ఏమంటారు మరి, ఓటింగు మొదలెట్టమంటారా?" అని గోర్డీ వేదిక మీద నుంచి అడిగాడు.

అన్నయ్య తలెత్తలేదు. వదిన చాపిన చెయ్యి దించలేదు.